మలికూర్పు

కథారచన నభ్యసించు యువతీయువకులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న, ఏయే గ్రంథములు చదివినచో శిల్పము పట్టుబడునని. తెలుగున అందులకు సమాధానము లేకపోలేదు. కాళీపట్నం రామారావుగారి 'కథాకథనం', వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి 'కథాశిల్పం' ఈ విద్యను గూర్చి నిండుగా ఆలోచించి వ్రాసిన పుస్తకములు. చదువదగినవి, చదివి దాచుకొనదగినవి. అయినను నేను ముందుగా వారి చేతికి గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' నిత్తును. అదియు ఒక్క ప్రతి గాదు, 1897లో అచ్చయిన తొలికూర్పును, 1909లో వెలువడిన మలికూర్పును, రెంటిని కలిపి. కథ వ్రాయదలచినవారికి నాటక మెందులకని కొందరు సంశయింతురు. మనిషిని మాటలో నిలువబెట్టు విద్య రెంటికిని ఒక్కటే గనుక ఆ సంశయమునకు నేను వెరవను.

1892లో విజయనగరమున రంగమెక్కి ప్రేక్షకుల మెప్పు పొంది, ఆనందగజపతి మహారాజు ఆదరమునకు పాత్రమై, ఆయనకే అంకితమై అచ్చుకెక్కిన నాటకమది. అంతటి మన్నన పొందిన కృతిని మరల చేతికి తీసికొని, అచ్చుతప్పులు దిద్ది, నాలుగు మాటలు మార్చి ఊరకుండక, అయిదంకముల రచనను ఏడంకములకు పెంచి, కాపురమున్న ఇంటి గోడలను తానే పడగొట్టి కొత్త పునాది తీసినట్లుగా తిరుగవ్రాయుటకు ఎంతటి నిర్దాక్షిణ్యమైన ఆత్మపరీక్ష కావలెనో, ఒక్క పుట తిరుగవ్రాయుటకే విసుగుచెందువారు ఒకమారు ఊహించుకొనవలెను.

ఆ మార్పులలో నన్ను ఎల్లప్పుడును ఆకర్షించునది మధురవాణి యను వేశ్య పాత్ర. తొలికూర్పున ఆమెకు గల స్థానము స్వల్పము. మలికూర్పునందో, గిరీశము మొదలు రామప్పపంతులు వరకు ఎల్లరి గుట్టును ఆమెకే తెలియును. బాలిక సుబ్బి పెండ్లి తప్పింపవలెనన్న పన్నుగడకు ఆమె చేయూత కావలెను. తుదకు, వేశ్యల ముఖమైన చూడరాదను నియమము గల సౌజన్యారావు పంతులు ఎదుట పురుషవేషమున కూర్చుండి, ఆ సజ్జనుని సజ్జనత్వమెంత లోతైనదో అడిగి తేల్చుకొనునదియు ఆమెయే. కన్యావిక్రయమను దురాచారమును ఖండించుటయే గ్రంథప్రయోజన మైనచో అది తొలికూర్పుతోనే నెరవేరినది. సంస్కరణమును మనసార కోరిన రచయిత, తన పక్షమునకు చెందిన ఉత్తముని చేతనే సమాధానము చెప్పింపజూచుట, ఆ ప్రశ్నించు హక్కును సంఘము వెలివేసిన స్త్రీకి ఒసగుట, రెండవమారు వ్రాసినప్పుడు గాని సాధ్యము కాలేదు. నా దృష్టిలో తిరుగవ్రాత యనగా ఇదియే. వాక్యమునకు మెరుగుపెట్టుట అటుపిమ్మటి పని. మొదటి చిత్తులో కథ నడుచుటకు పనిముట్టుగా వాడుకొన్న మనిషిని పిలిచి కూర్చుండబెట్టి, వాని వాదమును పూర్తిగా వినుట ముందటి పని.

వినుట యనుచున్నాను గనుక, నేను చేయించు చిన్న అభ్యాస మొకటి చెప్పెదను. మలికూర్పులో ఏదైన ఒక రంగమును తీసికొని, పాత్రల పేర్లను కాగితముతో కప్పి, సంభాషణమును పైకి చదువుడు. ఇంగ్లీషు కలిపిన గిరీశము డాబు, అగ్నిహోత్రావధానుల కోపము, అసిరిగాని యాస, పేరు చూడకయే ఎవరివో చెవికి తెలిసిపోవును. ఆ వెంటనే తమ కథను తీసికొని అదే విధముగా చదువుమందును. సాధారణముగా అందులో తల్లి, కొడుకు, ఇంటి యజమాని, రిక్షా త్రొక్కువాడు, అందరును ఒక్క కంఠముతోనే పలుకుదురు. ఆ కంఠము రచయితది. దీనికి మందు పుస్తకములలో కంటె సంతలోను, బస్టాండులోను, పెండ్లిభోజనముల బంతిలోను ఎక్కువగా దొరకును. సంస్కృతము చదివిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు గోదావరి సీమ ఇండ్లలోని స్త్రీల పలుకుబడిని ఎంత శ్రద్ధతో చెవినిడిరో వారి కథలే సాక్ష్యము.

అట్టి వినికిడికి మరియొక సాక్ష్యము మొదట పేర్కొన్న రామారావుగారు. ఆయన ఉపాధ్యాయ వృత్తిలో నుండి కథలు వ్రాసి, పత్రికలలో పేరు వచ్చిన పిమ్మట తన వ్రాతమీద తనకే తృప్తి కలుగక కొన్నియేండ్లు కలము ముట్టక ఊరకుండిరి. ఆ మౌనము తరువాత వచ్చినది 'యజ్ఞం', 1966లో వెలువడినది. అప్పల్రాముడి అప్పు తగవును విచారించు పంచాయతీయే ఆ దీర్ఘకథకు వెన్నెముక. పెద్దమనిషి శ్రీరాములునాయుడు దుష్టుడని రచయిత ఎక్కడను ముద్ర వేయడు. అతని చేత ఓర్పుగా, మర్యాదగా, న్యాయముగా తోచునట్లే మాటలాడించును. పాఠకుడు సగము ఒప్పుకొనునంతగా ఆ న్యాయము బలముగా ఉండుటచేతనే, ముగింపున జరుగు ఘోరము అతని గుండెను పట్టుకొని వదలదు. తాను ఎవరికి ఎదురు నిలిచి వ్రాయుచున్నాడో వారి మాటనే అంత నిండుగా వినిన కథకుడు అరుదు. (శ్రీకాకుళమున 1997లో ఆయన నెలకొల్పిన కథానిలయమును చూడని వర్ధమాన రచయితలు ఒకమారు పోయి, ఆ బీరువాల నడుమ కొన్ని దినములు చదువుకొనవలెనని నా కోరిక.)

ఇటీవల ఒక యువతి కోడలి కష్టములను గూర్చి వ్రాసిన కథ తెచ్చి చూపినది. భాష చక్కనిది, వేదన నిజమైనది. అత్తగారు మాత్రము తలుపుచాటు నుండి వచ్చి ఒక దెప్పుమాట అని మరల తలుపుచాటునకే పోవుచున్నది. ఆ అత్తగారు ఈ ఇంటికి కోడలై వచ్చిననాడు ఏమి జరిగినదో ఒక పుట వ్రాసి, కథలో చేర్చినను చేర్చకున్నను నాకు చూపుమంటిని. పుట అడిగితే ఆరు పుటలు తెచ్చినది. వానిని వ్రాసిన తరువాత తన పాత ముగింపు ఎంతమాత్రము పొసగుట లేదని, ఇప్పుడేమి చేయవలెనో తోచకున్నదని దిగులుతో చెప్పినది. ఆ కథమీద నాకు నమ్మకము కుదిరినది అప్పుడే. తొందరపడవద్దని, పత్రిక వారి గడువు పోయినను పోనిమ్మని చెప్పి పంపితిని.