ఒంటిగదిలో పాస్కల్ కాపురం

1980లలో ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లు చాలావరకు మీట నొక్కగానే బేసిక్ భాషతో సిద్ధమయ్యేవి. అది వాటి రోమ్‌లోనే ఉండేది. పాస్కల్ కావాలంటే మాత్రం క్యాసెట్ మీదో, ఫ్లాపీ మీదో, విడి చిప్‌లోనో బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. ఆ పాత యంత్రాలను బాగుచేసుకుని మళ్లీ వాడుతున్నవాళ్లు, ఎమ్యులేటర్లలో నడుపుకుంటున్నవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు: ఏ పాస్కల్ మంచిది? ఒక్కమాటలో జవాబు చెప్పలేం. మెమరీ చాలక ప్రతి కంపైలరూ ఏదో ఒకటి వదులుకుంది. ఏం వదులుకుందో తెలిస్తే మన పనికి ఏది సరిపోతుందో తేలుతుంది.

నిక్లాస్ విర్త్ 1970లో జ్యూరిక్ నుంచి ప్రకటించిన పాస్కల్ చిన్న యంత్రాల కోసం పుట్టింది కాదు. దాని మొదటి కంపైలర్ సీడీసీ 6000 శ్రేణి పెద్ద కంప్యూటర్ మీద నడిచింది. అయితే ఆ భాషలోని ఒక నియమం చిన్న యంత్రాలకు బాగా కలిసొచ్చింది. ఏ పేరునైనా వాడే ముందే ప్రకటించాలి. అందువల్ల సోర్స్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చదివితే కంపైలర్ పని అయిపోతుంది. అలాంటి కంపైలర్ చిన్నగానూ ఉంటుంది, చురుగ్గానూ పనిచేస్తుంది.

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ సంగతి చూడండి. 48 కిలోబైట్ల ర్యామ్‌లో తెర బొమ్మకే 6,912 బైట్లు పోతాయి. మిగిలినదాంట్లో ఎడిటర్, సోర్స్, కంపైలర్, అది తయారుచేసే కోడ్, ఆ కోడ్ వాడుకునే డేటా అన్నీ సర్దుకోవాలి. వంటా పడకా చుట్టాలూ ఒకే గదిలో అన్నట్టుండే కాపురం అది. హైసాఫ్ట్ పాస్కల్ ఈ సర్దుబాటులో ఆరితేరింది. కంపైలర్ సుమారు 12 కిలోబైట్లు, ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన రన్‌టైమ్ రొటీన్లు సుమారు 4. ఒక్క చదువులోనే నేరుగా ఆ యంత్రపు జెడ్80 ప్రాసెసర్‌కు మెషిన్ కోడ్ ఇస్తుంది. సోర్స్ మరీ పెద్దదైతే టేపు మీద రాసిపెట్టి, ముక్కముక్కగా చదివిస్తూ కంపైల్ చేయవచ్చు. అప్పుడు సోర్స్‌కు మెమరీలో చోటు అక్కర్లేదు. పని పూర్తయ్యాక ‘టి’ ఆదేశం ఇస్తే, తయారైన కోడ్ రన్‌టైమ్ పక్కకు జరిగి కంపైలర్ ఉన్న చోటును ఆక్రమించి, అక్కడి నుంచి టేపుకెక్కుతుంది. ఇంతకీ ఇది వదులుకున్నవేమిటి? ఫైల్ రకం లేదు, రికార్డుల్లో వేరియంట్ భాగం లేదు. క్యాసెట్‌తో నడిచే యంత్రానికి మొదటిది పెద్ద లోటేం కాదు.

6502 ప్రాసెసర్ ఉన్న యంత్రాలది వేరే కథ. అందులో ఎనిమిది బిట్ల పని రిజిస్టర్లు మూడే. స్టాక్ 256 బైట్లే. లోకల్ వేరియబుల్స్‌నూ, తమను తామే పిలుచుకునే ప్రొసీజర్లనూ నమ్ముకున్న పాస్కల్‌కు ఆ స్టాక్ ఏ మూలకూ చాలదు. ప్రోగ్రామ్‌ను మెషిన్ కోడ్‌గా మారిస్తే అది ఉబ్బిపోతుంది. అందుకే ఇక్కడ పి-కోడ్ దారి నచ్చింది. కంపైలర్ ఒక ఊహా యంత్రానికి సరిపడే పొట్టి ఆదేశాలు ఇస్తుంది, ఇంటర్‌ప్రెటర్ వాటిని నడుపుతుంది. వేగం తగ్గినా చోటు మిగులుతుంది. శాన్‌డియాగోలో కెన్నెత్ బౌల్స్ బృందం ఈ దారిలోనే యూసీఎస్‌డీ పాస్కల్‌ను తయారుచేసింది. 1979లో వచ్చిన యాపిల్ పాస్కల్ దాని సంతతే. యాపిల్ 2లో దాన్ని నడపాలంటే అదనపు కార్డుతో మెమరీని 64 కిలోబైట్లకు పెంచుకోవాల్సి వచ్చేది. కమోడోర్ 64కు దొరికిన జి-పాస్కల్ ఇంకా పొదుపరి. దశాంశ సంఖ్యలనే వదిలేసి పూర్ణాంకాలతో సరిపెట్టుకుంది. మన దేశంలో 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం ద్వారా బడులకు చేరిన బీబీసీ మైక్రోకు ఏకార్న్‌సాఫ్ట్ వేరే ఉపాయం పన్నింది. పాస్కల్‌ను రెండు రోమ్ చిప్‌లలో పెట్టి ర్యామ్‌ను ప్రోగ్రామ్‌కు వదిలింది.

జెడ్80 ప్రాసెసర్, డిస్క్ డ్రైవ్, సీపీ/ఎమ్ ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వాళ్లకు టర్బో పాస్కల్ ఉంది. ఆండర్స్ హెల్స్‌బర్గ్ రాసిన ఈ కంపైలర్‌ను బోర్లాండ్ 1983 నవంబరులో 49.95 డాలర్లకు అమ్మింది. ఎడిటర్, కంపైలర్ ఒకే ప్రోగ్రామ్‌లో ఉంటాయి. తప్పు దొరికితే కర్సర్ నేరుగా ఆ చోటికే వెళ్లి నిలబడుతుంది. ప్రోగ్రాములకు 61 కిలోబైట్ల చోటు ఇచ్చే సీపీ/ఎమ్ ప్లస్‌తో ఆమ్‌స్ట్రాడ్ 6128 దీనికి చక్కటి ఇల్లు. ఎమ్‌ఎస్‌ఎక్స్‌లోనూ, రెండో ప్రాసెసర్‌గా జెడ్80 ఉన్న కమోడోర్ 128లోనూ నడుస్తుంది. కానీ సీపీ/ఎమ్‌కు అక్షరాలు తప్ప బొమ్మలు తెలియవు. గ్రాఫిక్స్ కావాలంటే మెషిన్ కోడ్‌ను మనమే చేర్చుకోవాలి. మరో మెలిక కూడా ఉంది. సోర్స్‌లో ‘ఎ-’ సూచన పెడితే తప్ప ఈ సీపీ/ఎమ్ రూపంలో రికర్షన్, అంటే ప్రొసీజర్ తనను తానే పిలుచుకోవడం, సరిగా నడవదు. అది తెలియక తలపట్టుకోవడం తేలిక.

కాబట్టి ఎంపికకు ముందు మూడు చిన్న ప్రోగ్రాములు రాసి పరీక్షించండి. ఒకటి రికర్షన్‌తో, ఒకటి దశాంశ సంఖ్యలతో, ఒకటి పెద్ద అర్రేతో. కంపైలర్ బలాబలాలు వాటిలోనే బయటపడతాయి.

ఇప్పుడు క్రాస్ కంపైలర్లూ ఉన్నాయి. ఆధునిక కంప్యూటర్ మీద రాసి, ఫ్రీ పాస్కల్‌తో జెడ్80 కోడ్, మ్యాడ్ పాస్కల్‌తో అటారీ కోడ్ తయారుచేసుకోవచ్చు. ఆట త్వరగా పూర్తి కావాలంటే అదే మేలు. కానీ బైటు విలువ తెలియాలంటే, వదులుకున్న ప్రతిదానికీ ఏం దక్కిందో అర్థం కావాలంటే, ఆ యంత్రం మీదే కంపైల్ చేయాలి. ముందు మీ యంత్రంలోని ప్రాసెసర్ ఏదో, డిస్క్ ఉందో లేదో చూసుకోండి. కంపైలర్ పేరు ఆ తర్వాత వెతకండి.