పోయినవాళ్లు చుట్టాలై వచ్చే పండుగ

మెక్సికోలో ఏటా నవంబర్ 1, 2 తేదీల్లో మృతుల పండుగ జరుగుతుంది. స్పానిష్‌లో దాని పేరు దియా దె మువెర్తోస్. చనిపోయిన బంధువులు ఏడాదికొకసారి తమ ఇంటికి వస్తారని అక్కడి ప్రజల నమ్మకం. వచ్చినవాళ్లకు ఇష్టమైనవి వండిపెట్టి, ఒక రాత్రీ పగలూ ఇంట్లో ఉంచుకుని, మర్యాదగా సాగనంపడమే పండుగ. పోయినవాళ్లు వస్తున్నప్పుడు ఉన్నవాళ్లు రాకుండా ఎలా ఉంటారు? రాజధానిలో ఉద్యోగాలు చేసుకునేవారు, అమెరికాకు వలస వెళ్లినవారు పిల్లాపాపలతో సొంత ఊళ్లకు చేరేది ఈ రోజుల్లోనే. సమాధులు శుభ్రం చేసుకోవడం, సంతకు వెళ్లి పూలు తెచ్చుకోవడం, బంధువుల ఇళ్లకు రొట్టెలు పట్టుకెళ్లడం అన్నీ ఈ రెండు మూడు రోజుల్లో జరిగిపోతాయి.

మెక్సికో ఆదివాసీ సమాజాలు జరుపుకునే ఈ పండుగను యునెస్కో 2003లో మానవజాతి వారసత్వ కళాఖండంగా ప్రకటించి, 2008లో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పండుగను నిలబెడుతున్నది మాత్రం ఇంటింటా సాగే చేతిపని. పువ్వు పెంచడం, కాగితం కొట్టడం, చక్కెర పోత పోయడం, మసాలా నూరడం వంటి పనుల్లో ప్రతిదానికీ ఒక పద్ధతి, ఒక కొలత ఉన్నాయి. పెద్దవాళ్ల పక్కన కూర్చుని చేస్తేనే అవి పిల్లలకు పట్టుబడతాయి.

రెండు మూలాలు

స్పెయిన్ వాళ్లు రాకముందు మధ్య మెక్సికోలోని నహువా జనం మిక్త్‌లాన్ అనే మృతలోకాన్ని నమ్మేవారు. మిక్త్‌లాన్‌తెకూత్లి, మిక్తెకసీవాత్ల్ అనే దంపతులు దానికి అధిపతులు. మామూలు మరణం పొందినవారు అక్కడికి చేరడానికి నాలుగేళ్లు నడవాలి. దారిలో నది దాటించేది కుక్క. 16వ శతాబ్దంలో బెర్నార్దినో దె సహాగున్ అనే క్రైస్తవ సన్యాసి ఈ నమ్మకాలను నమోదు చేశాడు.

ఆ కాలంలోనే దియేగో దురాన్ అనే మరో సన్యాసి మృతుల కోసం నహువాలు రెండు పండుగలు జరిపేవారని రాశాడు. ఒకటి చనిపోయిన పిల్లలకు, రెండోది పెద్దలకు. కాథలిక్ పంచాంగంలో నవంబర్ 1 సకల పునీతుల దినం, 2 సకల ఆత్మల దినం. మతం మారిన జనం మొదటి రోజు పిల్లలకు, రెండో రోజు పెద్దలకు నైవేద్యాలు పెట్టడం దురాన్ కంటపడింది. పాత పండుగనే కొత్త తేదీల్లోకి తెచ్చుకున్నారేమోనని అతను అనుమానించాడు. ఇప్పటి ఆచారంలో ఆదివాసీ పాలెంత, స్పెయిన్ నుంచి వచ్చిందెంత అన్న చర్చ చరిత్రకారుల మధ్య ఇంకా సాగుతూనే ఉంది. పిల్లలు ముందు, పెద్దలు తర్వాత అన్న వరస మాత్రం నేటికీ చాలా ఊళ్లలో నిలిచి ఉంది.

ఇంట్లో కట్టే పీఠం

పండుగకు కేంద్రం ఒఫ్రెందా, అంటే పోయినవారి కోసం ఇంట్లో అమర్చే పీఠం. బల్ల మీద పెట్టెలు గానీ పలకలు గానీ వేసి మెట్లుగా కట్టి, పైన శుభ్రమైన గుడ్డ పరుస్తారు. రెండు మెట్లుంటే భూమీ ఆకాశమూ అని చెబుతారు. మూడు మెట్లవీ ఏడు మెట్లవీ కూడా ఉంటాయి. ముందువైపు చెరకు గడలు గానీ వెదురు గానీ వంచి కమాను కట్టి, పూలూ పండ్లూ వేలాడదీస్తారు. వచ్చేవారికి అదే గుమ్మం.

పై మెట్టు మీద పోయినవారి ఫొటోలు, పునీతుల పటాలు ఉంటాయి. దూరం నడిచి వస్తారు కాబట్టి దాహానికి గ్లాసు నీళ్లు, శుద్ధికి ఉప్పు పెడతారు. దారి కనబడడానికి కొవ్వొత్తులు వెలిగిస్తారు. చాలా ఇళ్లలో ఒక్కొక్కరి పేరున ఒక్కొక్కటి వెలిగించి, ఎవరూ గుర్తుచేయని ఆత్మ కోసం మరొకటి అదనంగా పెడతారు. ఆ తర్వాతివి ఇంటింటికీ మారిపోతాయి. తాతకు మెస్కాల్ సారా, సిగరెట్లు. అమ్మమ్మకు ఆమె కట్టుకున్న శాలువా. చిన్నప్పుడే పోయిన బిడ్డకు బొమ్మ, కారం లేని వంటకం. ఫలానా మనిషికి ఏది ఇష్టమో తెలిసినవారు చెబితేనే పీఠం పూర్తవుతుంది. అందుకే అది కడుతున్నంతసేపూ ఇంట్లో ఆ మనుషుల గురించిన కబుర్లు సాగుతాయి. ముత్తాతను చూడని పిల్లలకు ఆయన పరిచయమయ్యేది అక్కడే.

పీఠం ముందు మట్టి ధూపపాత్రలో కోపాల్ వేస్తారు. ఇది బుర్సెరా జాతి చెట్ల జిగురు. వానాకాలం చివర్లో చెట్టు బెరడుకు గాట్లు పెట్టి, కింద కలబంద లాంటి మాగే మట్టను దోసిలిలా అమరుస్తారు. కారిన జిగురు ఆ మట్టలోకి దిగి గడ్డకడుతుంది. నిప్పుల మీద వేస్తే తెల్లటి దట్టమైన పొగ, నిమ్మ వాసన కలిసిన ఘాటు వస్తాయి.

బంతిపువ్వు దారి

పండుగ పువ్వు సెంపసూచిల్, అంటే మన బంతి. దాని పుట్టిల్లు మెక్సికోయే. రైతులు జూన్, జూలై నెలల్లో నారు పోస్తారు. పగటి నిడివి తగ్గేకొద్దీ మొగ్గ తొడిగే స్వభావం ఈ మొక్కది కాబట్టి అక్టోబర్ చివరికల్లా చేలు నారింజ రంగుకు తిరుగుతాయి. ప్వెబ్లా రాష్ట్రంలోని అత్లీస్కో చుట్టుపక్కల పొలాలు, మెక్సికో నగరంలోని షోచిమిల్కో కాలువల మధ్య తోటలు ఈ పూలకు పేరుపొందాయి.

పూలను దండలుగా, గుత్తులుగా పీఠానికి కట్టడం ఒక పని. రేకులు తుంపి వీధి గుమ్మం నుంచి పీఠం దాకా బాటగా చల్లడం రెండోది. ఈ రంగూ ఈ ఘాటైన వాసనా పట్టుకుని ఆత్మలు ఇల్లు గుర్తుపడతాయంటారు. వహాకా ప్రాంతంలో బంతితో పాటు ముదురు ఎరుపు కోడిజుట్టు పూలూ తప్పనిసరి.

16వ శతాబ్దంలో పోర్చుగీసుల రాకతో బంతి భారతదేశానికి చేరింది. ఇప్పుడు తెలంగాణలో బతుకమ్మ పేర్చాలంటే బంతి ఉండాల్సిందే. దాని పక్కన చేరే గునుగు, వహాకా పీఠం మీది కోడిజుట్టుకు దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతివి. పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది కాబట్టి, పెద్దలను తలచుకునే రోజున ఈ పూలు ముంగిట్లోకి రావడం రెండుచోట్లా కనిపిస్తుంది.

కాగితం, చక్కెర

పీఠం మీదా వీధుల మీదా కట్టే రంగుల జాలీ కాగితాలను పాపెల్ పికాదో అంటారు. ప్వెబ్లా రాష్ట్రంలోని సాన్ సాల్వదోర్ విష్కొలోత్ల ఈ పనికి పెట్టింది పేరు. ఆ రాష్ట్ర ప్రభుత్వం 1998లో ఈ కళను తమ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. పనివాడు యాభై దాకా పల్చటి కాగితాలను దొంతరగా పేర్చి, కింద సీసపు పలక వేస్తాడు. ఉలి మొన విరగకుండా, కాగితం చిరగకుండా సీసం మెత్తగా దెబ్బను పుచ్చుకుంటుంది. పైన గీసిన బొమ్మ వెంట రకరకాల ఉలులు ఆనించి సుత్తితో కొడతాడు. సన్నటి గీతకు ఒక ఉలి, అర్ధచంద్రానికి ఒకటి, కంటి గుండ్రానికి మరొకటి. ఇందులో నేర్పంతా ఏది కొట్టకుండా వదలాలో తెలియడంలోనే ఉంది. బొమ్మకూ అంచుకూ మధ్య సన్నటి పట్టీలు మిగలాలి. ఒక్క పట్టీ తెగినా దొంతర మొత్తంలో ఆ ముక్క ఊడిపోతుంది. కాగితం గాలికి కదిలితే ఆత్మ వచ్చినట్టని ఇళ్లలో చెప్పుకుంటారు.

చక్కెర పుర్రెలు మరో పని. తొలూకా నగరంలో వీటికోసమే ఏటా ప్రత్యేకంగా సంత జరుగుతుంది. చక్కెర పాకంలో నిమ్మరసం పిండి, రెండు ముక్కలుగా ఉండే తడి మట్టి అచ్చులో వేడివేడిగా పోస్తారు. అచ్చు గోడకు పాకం పొరగా పట్టగానే మిగతాది వంచేస్తారు. దాంతో పుర్రె లోపల బోలుగా మిగులుతుంది. ఆరాక కోడిగుడ్డు తెల్లసొనా, చక్కెర పొడీ కలిపిన ముద్దతో కళ్లకు పూలు, బుగ్గలకు తీగలు దిద్దుతారు. నుదుటి మీద పేరు రాయడం ఆఖరి అలంకారం. పోయినవారి పేరే రాయాలని లేదు, స్నేహితుల పేర్లు రాయించి కానుకగా ఇచ్చుకుంటారు కూడా.

వంటింటి పని

పండుగ రొట్టెను పాన్ దె మువెర్తో అంటారు. మధ్య మెక్సికోలో గుడ్లూ వెన్నా వేసి, నారింజ వాసన పట్టించిన గుండ్రటి రొట్టె మీద పిండితో ఎముకలు అడ్డంగా అతికి, నడుమ పుర్రెకు గుర్తుగా చిన్న ఉండ పెడతారు. వహాకాలో మాత్రం గుడ్డు సొన ఎక్కువగా వేసిన రొట్టె పైభాగంలో, పిండితో చేసి రంగులు దిద్దిన చిన్న ముఖం గుచ్చుతారు. రొట్టెకు ముఖం ఉండడం వల్ల అది పోయిన మనిషికి ప్రతిరూపమవుతుంది.

వహాకాలో ఘనమైన వంటకం నల్ల మోలే. చిల్‌వాక్లే అనే నల్ల మిరపతో పాటు మరికొన్ని రకాల ఎండుమిరపకాయల గింజలు తీసి, తొడిమెలు తుంచి, పెనం మీద నల్లబడేదాకా వేయిస్తారు. గింజలను విడిగా మాడ్చి, చేదు పోయేలా నీళ్లలో నానబెడతారు. నువ్వులు, బాదం, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, లవంగాలు, కాల్చిన టమాటాలు, మాడ్చిన తొర్తియా రొట్టె ఒక్కొక్కటీ వేరువేరుగా వేగాలి, ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో పాకం. అన్నిటినీ మెటాటే అనే వాలు సన్నెకల్లు మీద నూరుతారు, ఈ రోజుల్లో చాలామంది మరకు పంపుతున్నారు. నూరిన ముద్దను పందికొవ్వులో గంటల తరబడి కలుపుతూ వేయించి, చివర్లో చాక్లెట్ వేస్తారు. టర్కీ కోడి గానీ నాటుకోడి గానీ ఉడికించి ఆ పులుసులో వేసి వడ్డిస్తారు. ఒక్కరి చేతిమీద అయ్యే వంట కాదిది. ఊరి నుంచి, పట్నం నుంచి వచ్చిన ఆడపడుచులూ కోడళ్లూ కలిసి కూర్చుంటేనే పొయ్యి దిగుతుంది. పక్కనే మొక్కజొన్న పొత్తి ఆకుల్లోనో అరిటాకుల్లోనో చుట్టిన తమాలెలు అనే మొక్కజొన్న పిండి ముద్దలు ఆవిరి మీద ఉడుకుతుంటాయి.

రాకపోకలు

వహాకా లోయలోని జపోటెక్ ఆదివాసుల ఊరు తెయోతిత్లాన్ దెల్ వాయే నేత పనికి ప్రసిద్ధి. పండుగ మర్యాదలు అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. నవంబర్ 1 మధ్యాహ్నం మూడింటికి ఆత్మలు వస్తాయని, మర్నాడు మూడింటికి వెళ్లిపోతాయని ఆ ఊరి లెక్క. ఆ మధ్యలో బంధువులు ఒకరింటికొకరు వెళ్తారు. వట్టి చేతులతో వెళ్లడం ఉండదు. రొట్టెలు, చాక్లెట్, పూలు, కొవ్వొత్తి, మెస్కాల్ తీసుకెళ్లి, ముందుగా పీఠం దగ్గర నిలబడి పోయినవారిని పలకరించి, తెచ్చినవి అక్కడ పెడతారు. ఉన్నవారితో మాటలు ఆ తర్వాతే. ఇంటివారు నురగ తేలేలా చిలికిన చాక్లెట్ పానీయమూ రొట్టే ఇస్తారు, భోజనానికి మోలే వడ్డిస్తారు.

ఆత్మలు వాసననూ సారాన్నీ స్వీకరించి వెళ్లాయని నమ్మి, పీఠం విప్పాక పండ్లూ రొట్టెలూ అయినవాళ్లకు పంచుతారు. జ్ఞానస్నానం నాడు తల్లిదండ్రుల స్థానంలో నిలబడిన పెద్దలకు ఆ బిడ్డలు పళ్లెం పట్టుకెళ్తారు. ఏడాది పొడుగునా పలచబడిన చుట్టరికం ఈ ఇచ్చిపుచ్చుకోవడాలతో మళ్లీ చిక్కబడుతుంది.

ఊరికో తీరు

మిచోవకాన్ రాష్ట్రంలో పాట్స్‌క్వారో సరస్సు మధ్యనున్న హనీత్సియో దీవిలో పురేపెచా ఆదివాసీ స్త్రీలు, పిల్లలు నవంబర్ 1 రాత్రంతా కొవ్వొత్తుల వెలుగులో సమాధుల దగ్గర జాగారం చేస్తారు. ప్వెబ్లాలోని వకెచూలలో ఆ ఏడాది పోయినవారికి తెల్ల శాటిన్ గుడ్డతో ఇంటికప్పును తాకేంత పీఠం కడతారు. ఎవరు వచ్చినా లోపలికి పిలిచి అన్నం పెడతారు. యుకటాన్ ద్వీపకల్పంలో మాయా జనం మొక్కజొన్న పిండి, కోడిమాంసం అరిటాకుల్లో చుట్టి, గోతిలో వేడి రాళ్ల మీద పూడ్చి ఉడికిస్తారు. ఆ ప్రాంతపు పోముచ్ ఊళ్లో ఏటా పెట్టెల్లోంచి పెద్దల ఎముకలు తీసి, దుమ్ము తుడిచి, వాటి కింద కొత్త కుట్టుగుడ్డ పరుస్తారు.

మారినవి, నిలిచినవి

టోపీ పెట్టిన అస్థిపంజరపు దొరసాని కత్రీనా ఇప్పుడు పండుగ గుర్తుగా లోకమంతటికీ తెలుసు. ముద్రణ చిత్రకారుడు హోసే గ్వాదలూపె పోసాదా 1910 ప్రాంతంలో వ్యంగ్యచిత్రంగా ఆమె తల చెక్కాడు. దియేగో రివేరా 1947లో తన కుడ్యచిత్రంలో ఆమెకు నిలువెత్తు రూపం ఇచ్చాడు. మెక్సికో నగరంలోని పెద్ద ఊరేగింపు ఇంకా కొత్తది. 2015లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా స్పెక్టర్‌లో అలాంటి దృశ్యం చూపించాక, 2016లో నిజంగానే మొదలుపెట్టారు. 2017లో కోకో సినిమా ఇంటి పీఠాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కోల్లో 1970ల నుంచే బహిరంగ పీఠాలు వెలిశాయి.

చూడ్డానికి వచ్చే జనం పెరగడంతో కొన్ని శ్మశానాల్లో కుటుంబాలు తమ సమాధి దగ్గర నెమ్మదిగా కూర్చోలేకపోతున్నాయి. పరాయివారు వెళ్లేటప్పుడు అడగకుండా ఫొటోలు తీయకపోవడం, సమాధుల మీద అడుగు వేయకపోవడం, పిలిచిన ఇంటికి రొట్టో కొవ్వొత్తో తీసుకెళ్లడం కనీస మర్యాద. పండుగ విలువ ఊరేగింపు ఎంత పెద్దదన్న దాంట్లో లేదు. ఆప్తులను పోగొట్టుకున్నవారి చేతికి అది ఏటా ఒక పని అప్పగిస్తుంది, ఆ పని నలుగురితో కలిసి చేయమంటుంది, పోయిన మనిషి పేరూ రుచులూ తర్వాతి తరానికి చెప్పిస్తుంది. మోలే కలపడం, పీఠం కట్టడం పిల్లలకు నేర్పే ఇళ్లు ఉన్నంతకాలం ఏ సినిమా అండా లేకుండానే ఈ పండుగ నడుస్తుంది.