ముందు తేదీలు రాసుకో

ఆడబిడ్డ వాటా కోసం దావా వేయాలని ఎవరైనా వస్తే, మా ఆఫీసులో జూనియర్లు వెంటనే సెల్‌ఫోన్ తీసి తీర్పులు వెతకడం మొదలుపెడతారు. ఆ ఫోన్ పక్కన పెట్టించి తెల్లకాగితం ఇస్తాను. నాయన ఎప్పుడు పోయాడు? ఆమె పెళ్లి ఎప్పుడైంది? భూమి ఎవరి సంపాదన? అన్నదమ్ములు పంచుకున్నారా, పంచుకుంటే ఏ సంవత్సరం, రిజిస్టరు చేయించారా? ఇవి రాసుకోకుండా ఏ పుస్తకం తెరిచినా దండగ. చట్టానికి మూలాలేమిటంటే రాజ్యాంగం, శాసనాలు, తీర్పులు, ఆచారం అని గడగడా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నవాళ్లే వీళ్లంతా. కానీ బద్వేలు కోర్టుకొచ్చే భూమి తగాదాలో అవి విడివిడిగా కనపడవు. ఒకే సర్వే నంబరు మీద అన్నీ వచ్చి పడతాయి. ఏది ఎంతవరకు చెల్లుతుందో తేల్చేది చాలాసార్లు తేదీయే.

లెక్క వేసి చూద్దాం. తొమ్మిదెకరాల పిత్రార్జితం. తల్లి ముందే పోయింది, తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మొదట్లో ఉన్నట్టుగా చూస్తే తండ్రికి, ఇద్దరు కొడుకులకు తలా మూడెకరాలు. తండ్రి తాలూకు మూడెకరాలే ముగ్గురు పిల్లలకూ పంచాలి. కొడుకులకు నాలుగేసి ఎకరాలు, కూతురికి ఒక్కటి. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉన్నప్పుడు వచ్చిన 1986 నాటి 13వ చట్టం దీన్ని మార్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో కూతురికీ కొడుకులాగే పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి ఇంకో ఇరవయ్యేళ్లు పట్టింది. మన దగ్గర ముందే వచ్చిందని నేను ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందు పెళ్లయిన కూతురికి అది వర్తించదు. 1984లో పెళ్లయిన అక్కకు ఒక న్యాయం, 1987లో పెళ్లయిన చెల్లెలికి ఒక న్యాయం. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చాకే ఆ తేడా పోయింది, పెళ్లి ఎప్పుడైనా సరే, మన తొమ్మిదెకరాల్లో కూతురి వాటా మూడెకరాలైంది.

అంతటితో అయిపోయిందా అంటే, లేదు. సవరణ రోజుకు తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కు అని 2015లో ప్రకాశ్ – ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో దానమ్మ కేసులో, తండ్రి అంతకుముందే పోయినా కూతుళ్లకు వాటా ఇచ్చింది. ఈ రెంటి మధ్య కింది కోర్టులు, వకీళ్లు నలిగిపోయారు. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది: హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఆ రోజుకు బతికి ఉండాల్సిన పనిలేదు. ఇప్పుడు ఫోన్‌లో వెతికితే 2015 తీర్పు కూడా శుభ్రంగా వస్తుంది. దాన్ని ఎవరూ చెరిపేయరు. ఆ తర్వాత దానికి ఏమైందో చూసుకోవాల్సింది మనం. దొరికిన తీర్పును దాని తర్వాతి తీర్పుల దాకా వెంటాడి చదవనివాడు సగం పనే చేసినట్టు.

వినీతా శర్మ తీర్పును కూడా చివరిదాకా చదవాలి. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారానో, కోర్టు డిక్రీ ద్వారానో పంపకం జరిగి ఉంటే దాన్ని కదిలించరు. నోటిమాట పంపకాన్ని మామూలుగా ఒప్పుకోరు, ప్రభుత్వ రికార్డుల దన్ను గట్టిగా ఉంటే తప్ప. మన పల్లెల్లో ఎక్కువ భాగపరిష్కారాలు పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద జరిగినవే. అందుకే ఇలాంటి కేసులో తహసీల్దారు ఆఫీసులో పాత అడంగల్, 1-బి నకళ్లకు దరఖాస్తు పెట్టడం, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించడం కూడా రీసెర్చే. అన్నదమ్ముల పేర్లు వేర్వేరుగా ఏ సంవత్సరం నుంచి ఎక్కాయో ఆ పాత అడంగల్ చెబుతుంది. ఏ లా జర్నల్లోనూ అది దొరకదు.

ప్రభుత్వం ఇచ్చిన డి.కె.టి. పట్టా భూములదీ అదే తీరు. అమ్మకూడదన్న షరతు పెట్టిన జీవో 1142 తేదీ 1954 జూన్ 18. పట్టా అంతకుముందుదా, తర్వాతదా అన్నదాని మీదే 1977 నాటి అసైన్డు భూముల చట్టం తగులుతుందా లేదా అన్నది చాలావరకు ఆధారపడుతుంది. 2023 సవరణతో, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిందా అన్న లెక్క ఇంకొకటి వచ్చి చేరింది. క్రిమినల్ కేసుల్లోనూ అంతే. కొత్త శిక్షాస్మృతి అమలైన 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ పాత శిక్షాస్మృతి సెక్షనే.

ఇక ఆచారం. దీన్ని పిల్లలు పరీక్ష కోసం చదివి వదిలేస్తారు. కడప, కర్నూలు జిల్లాల్లో వకాల్తా వేసేవాడికి అది కుదరదు. కాపు, రెడ్డి, కమ్మ కుటుంబాల్లో అల్లుణ్ని ఇంటికి తెచ్చుకొని, సేద్యంలో అండగా ఉంటే కొడుకుతో సమానంగా వాటా ఇస్తామని ఒప్పుకొనే ఇల్లటం ఆచారాన్ని మద్రాసు హైకోర్టు పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించింది. దత్తుపోయిన కొడుక్కి పుట్టింటి ఆస్తితో సంబంధం తెగిపోతుంది, ఇల్లటం అల్లుడికి తెగిపోదు. ఇల్లు చేరినంత మాత్రాన హక్కు రాదు, ఒప్పందాన్ని రుజువు చేయాలి. భూపరిమితి లెక్కలో అతణ్ని కొడుకు కింద చూపించుకోవాలని చూస్తే సుప్రీంకోర్టు కుదరదంది. ఆచారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే ఆ పాత మద్రాసు తీర్పులు చదవక తప్పదు.

మద్రాసు తీర్పులు మనకెందుకు అని ఒక జూనియర్ అడిగింది. మంచి ప్రశ్న. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు 1954 జులై 5న మొదలైంది. అంతకుముందు కడప జిల్లాకు పైకోర్టు మద్రాసే. ఆ తేదీకి ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులకు కట్టుబడాలని 1955లో గుంటూరులో ఫుల్‌బెంచి నిర్ణయించింది. 1956లో కోర్టు హైదరాబాదు పోయింది, 2019 జనవరి 1న అమరావతికి వచ్చింది. మా తాతల కాలం నుంచి బద్వేలు రైతు అప్పీలు తిరిగిన ఊళ్లన్నీ తిరిగితే గాని మన చట్టం పూర్తిగా దొరకదు.

ఒకప్పుడు ఆంధ్రా లా టైమ్స్ పాత సంపుటం కోసం కడప బస్సెక్కాల్సి వచ్చేది. 2023 నుంచి సుప్రీంకోర్టు తన అధికారిక రిపోర్టుల్లోని తీర్పులను ఉచితంగా అందుబాటులో పెట్టింది. చిన్న ఊరి వకీలుకు ఇది ఎంత పెద్ద మేలో మాటల్లో చెప్పలేను. దానితోపాటే కొత్త ప్రమాదమూ వచ్చింది. ఏఐని అడిగితే లేని కేసుకు కూడా పేరు, సంవత్సరం, పేజీ నంబరు కల్పించి ఇస్తుంది. 2023లో న్యూయార్కు కోర్టులో అలాంటి కల్పిత తీర్పులు చూపించిన లాయర్లకు అయిదు వేల డాలర్ల జరిమానా పడింది. అందుకే తీర్పు పూర్తి పాఠం చదవకుండా దాని పేరు నా ఎదుట ఎత్తొద్దంటాను. పైనున్న హెడ్‌నోటు చాలదు. దాన్ని జడ్జి కాదు, జర్నల్ వాళ్లు రాస్తారు.

రాయడం దగ్గరికొస్తే, మనవాళ్ల ప్లెయింట్లలో విశేషణాలు ఎక్కువ, సంగతులు తక్కువ. "వాది అమాయకురాలు, ప్రతివాదులు మోసకారులు, దౌర్జన్యపరులు" అని పేజీ నింపుతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు రెండో రూలు అడిగేది ముఖ్యమైన సంగతులు, అవీ క్లుప్తంగా, నంబర్లు వేసిన పేరాల్లో. "2019 మార్చిలో వాది తన వాటా అడిగింది, ఒకటో ప్రతివాది ఇవ్వనన్నాడు" అంటే దావా నిలబడుతుంది. షెడ్యూలులో హద్దులు కూడా పాత దస్తావేజు చూసి దించేస్తారు. తూర్పున ఫలానా వారి చేను అని ఉంటుంది, ఆ ఫలానా ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది, చేను మూడు చేతులు మారింది. సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసి, ఇప్పుడెవరు సాగు చేస్తున్నారో ఊళ్లో అడిగి రాయాలి.

ప్లెయింటు ఇంగ్లీషులో ఉంటుంది, కింద వెరిఫికేషన్‌లో సంతకం మాత్రం వాదిది. నాకు తెలిసినంతలో ఇది నిజమని చెప్పేది ఆమె, వకీలు కాదు. కాబట్టి ప్రతి పేరా తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించాలన్నది మా ఆఫీసు కట్టుబాటు. అలా వినిపిస్తుంటే మొన్న ఒకామె మూడో పేరా దగ్గర ఆపింది. "ఆ గుట్టకింది చేను మా నాయన కొన్నది కాదు సార్, మా జేజినాయన కాడ్నించి వచ్చింది." అవతల అన్నదమ్ముల చేతిలో తండ్రి రాసిన వీలునామా ఉంది. తండ్రి కొన్న భూమైతే ఆ వీలునామా చేను మొత్తానికి చెల్లుతుంది, ఆమెకు సెంటు కూడా రాదు. తరతరాలుగా వచ్చిన ఉమ్మడి ఆస్తయితే తండ్రి రాయగలిగింది తన వాటా వరకే. జూనియర్ ఆ పేరా కొట్టేసి, జేజినాయన పేరుతో పాత పట్టా నకలుకు దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది.