కోడికునుకుల నేర్పు

ఒకసారి పాపికొండలు చూడడానికి గండిపోచమ్మ దగ్గర లాంచీ ఎక్కినప్పుడు నా ఫోన్లో ఛార్జింగ్ నిండుగా ఉంది. కొండలు రెండు వైపులా దగ్గరపడేసరికి సిగ్నల్ పోయింది. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, నాలుగు ఫోటోలు తీసి జేబులో పెట్టేశాను. సాయంత్రం తిరిగొచ్చి చూస్తే ఫోను వెచ్చగా ఉంది, ఛార్జింగ్ అడుగంటింది. పనిచెయ్యని ఫోను ఇంతలా ఎందుకు అలసిపోయిందా అని ఆరా తీయబోతే, మామూలు రోజుల్లో అది అలసిపోకుండా ఉండడం వెనక ఎంత పనితనం ఉందో తెలిసింది.

సిగ్నల్ బాగున్న చోట ఫోను కోడికునుకులు తీస్తుంటుంది. 4జీలో ఒక్కో కునుకు తరచుగా 1.28 సెకన్లు. అంతసేపూ రేడియోను ఆపేస్తుంది. గడువు కాగానే మేలుకుని, తన పేరున ఏమైనా పిలుపు ఉందేమోనని కొన్ని మిల్లీసెకన్లు చెవి ఒగ్గుతుంది. లేకపోతే మళ్లీ కునుకే. ఇలా రోజుకు 67,500 సార్లు. మేలుకున్న ప్రతిసారీ పది మిల్లీసెకన్లు పట్టిందనుకున్నా, రోజు మొత్తం కలిపి పావుగంట కాదు.

మరి ఫోను ఏ క్షణాన మేలుకుంటుందో టవరుకి ఎలా తెలుస్తుంది? నాకు బాగా నచ్చింది ఇక్కడే. సిమ్ములో ఉన్న చందాదారు సంఖ్యను 1024తో భాగించగా మిగిలిన శేషాన్ని బట్టి ఆ క్షణం తేలుతుంది. మనం చిన్నప్పుడు పలక మీద చేసిన భాగహారమే. టవరు వైపు వాళ్లు వేసే లెక్కా ఇదే, ఫోను వేసే లెక్కా ఇదే. ఒకరినొకరు అడక్కుండానే ఇద్దరూ ఒకే క్షణానికి చేరుకుంటారు. ఊళ్లో లక్ష ఫోన్లున్నా అన్నీ ఒకేసారి మేలుకుని తోసుకోవు, శేషాలు వేరు గనుక. పైగా చుట్టుపక్కల టవర్లన్నిటినీ ఒక ప్రాంతంగా కట్టి ఉంచుతారు. ఆ ప్రాంతం పొలిమేర దాటినప్పుడో, చాలాసేపు గడిచినప్పుడో ఫోను నోరు విప్పి తన జాడ చెబుతుంది. అందాకా ఒక టవరు నీడ నుంచి ఇంకో టవరు నీడకి చప్పుడు లేకుండా మారుతుంది.

వినడం చవక, మాట్లాడడం ఖరీదు. పాత 2జీ ఫోను రేడియో పక్కన పెడితే, రింగవబోయే ముందు స్పీకర్లోంచి టిటిటిట్, టిటిటిట్ అని వచ్చేది గుర్తుందా? అది ఫోన్లోని ప్రసార యంత్రం సెకనుకు 217 సార్లు వెలిగి ఆరుతున్న చప్పుడు. ఎనిమిది వంతుల కాలంలో ఒక్క వంతు మాత్రమే మాట్లాడి, మిగతా ఏడు వంతులూ ఊరుకునేది. మాట్లాడే ఆ వంతులో 2 వాట్ల దాకా ప్రసారం చేసినా, సగటు పావు వాటే.

4జీ ఫోను గరిష్ఠంగా ప్రసారం చేసేది సాధారణంగా 200 మిల్లీవాట్లు. టవరు పక్కనే ఉంటే అందులో ఇరవై లక్షల వంతుకి కూడా గొంతు తగ్గించగలదు. ఎంత గొంతు పెట్టాలో టవరు ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటుంది. 3జీలో ఈ హెచ్చుతగ్గుల ఆజ్ఞ సెకనుకు 1,500 సార్లు వచ్చేది. సిగ్నల్ గీతలు తగ్గిన కొద్దీ ఛార్జింగ్ ఎందుకు త్వరగా దిగుతుందో ఇక చెప్పనక్కర్లేదు.

4జీ రూపకర్తలు ఇంకో మెట్టు దిగి ఆలోచించారు. టవరు నుంచి ఫోనుకి ఒక రకం తరంగం, ఫోను నుంచి టవరుకి ఇంకో రకం పెట్టారు. ఎన్నో సన్నటి తరంగాలు కలిపి పంపితే అప్పుడప్పుడూ అన్నీ ఒక్కచోట కూడి ఉవ్వెత్తున లేస్తాయి. ఆ పోటుకి చాలినంత శక్తిని ఆంప్లిఫయర్ ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి, అదంతా వేడిగా పోతుంది. టవరుకి కరెంటు లైనుంది, తట్టుకుంటుంది. ఫోనుకున్నది చిన్న బ్యాటరీ. అందుకని ఫోను వైపు పోటు తగ్గేలా తరంగాన్ని ముందే సాపు చేసి పంపే పద్ధతి పెట్టారు. బరువు మోయగలవాడి మీదే బరువు పెట్టారన్నమాట.

పాపికొండల్లో ఈ ఏర్పాట్లేవీ పనికిరాలేదు. పిలిచే టవరే లేకపోతే ఏ క్షణానికి మేలుకోవాలి? కునుకు మానేసి ఒక్కొక్క బ్యాండూ వెతుక్కుంటూ పోయింది. మలుపులో ఎక్కడో సన్నటి సిగ్నల్ తగిలినప్పుడల్లా ఉన్న గొంతంతా పెట్టి అరిచి ఉంటుంది. ఆ తర్వాత వెళ్లినప్పుడు లాంచీ ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను.

ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఒక ఖర్చుంది. చిన్న మెసేజ్ పంపినా, ఇంకేమైనా వస్తుందేమోనని ఫోను ఆ లింకుని సుమారు పది సెకన్లు పట్టుకునే ఉంటుంది. అందుకే వెనకాల నిమిషానికోసారి కొత్త కబుర్లు అడిగే యాప్ ఫోనుని పడుకోనివ్వదు.

వీటన్నిటిలో నేను రోజూ తలచుకునేది 2జీ నాటి నుంచీ ఉన్న ఒక ఏర్పాటు. ఫోన్లో మనం మాట ఆపగానే ప్రసారం దాదాపు ఆగిపోతుంది, వెనక వినిపించే సద్దు ఎలాంటిదో తెలిపే చిన్న కబురు మాత్రం మధ్యమధ్య వెళుతుంది. ఉత్త నిశ్శబ్దమైతే లైను తెగిందని అవతలివాళ్లు కంగారుపడతారు. అందుకని ఆ కబురు చూసి అవతలి ఫోను తనే ఒక పలచటి హోరు పుట్టిస్తుంది. ఆదివారం అమ్మ ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉంటుంది చూడండి, అప్పుడు నేను వినే ఆ సన్నటి గాలి నా ఫోను అల్లినది. ఆ కాసేపూ అక్కడ అమ్మ ఫోను కునుకు తీస్తోంది.