ఇంటిపేరు, కామా, పేరు

తెలుగు సాహిత్యం మీద ఇంగ్లీషులో వచ్చిన పరిశోధన వ్యాసాలు ఓ నాలుగు ముందేసుకుని, చివర ఉండే ఆధార గ్రంథాల పట్టికలు మాత్రం చూడండి. ఒకదాంట్లో 'రావు, వి. ఎన్.' కనిపిస్తారు. ఇంకోదాంట్లో 'నారాయణరావు, వి.' కనిపిస్తారు. ఇంటిపేరే ముందుండాలని పట్టుబట్టేవాళ్ళు రాస్తే 'వెల్చేరు, ఎన్. ఆర్.' కూడా అవుతారు. అక్షరక్రమంలో ఒకరు ఆర్ దగ్గర, ఒకరు ఎన్ దగ్గర, ఒకరు వి దగ్గర. ముగ్గురూ ఒక్కరేనని మనకి తెలుసు. కంప్యూటర్‌కి తెలీదు. తెలుగు రాని పరిశోధకుడికీ తెలీదు.

ఇది గుమాస్తా పని అనీ, సాహిత్యానికి దీంతో ఏం సంబంధమనీ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకలా అనిపించదు. ఎవరు ఏ మాట ఎప్పుడు అన్నారో గుర్తుపెట్టుకునే పద్ధతే సైటేషన్. ఆ పద్ధతి మన పేర్లకి, మన పుస్తకాలకి సరిపోకపోతే గుర్తుండాల్సినవాళ్ళే జారిపోతారు.

బ్రాకెట్లో పేరూ సంవత్సరమూ వేసే పద్ధతి 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ రాసిన వ్యాసంతో మొదలైందంటారు. ఆయన రాసింది ఒక రకం నత్త మీద. ఆ తర్వాత చికాగో, ఏపీఏ, ఎమ్మెల్యే పద్ధతులు స్థిరపడ్డాయి. (ఈ ఎమ్మెల్యే మన నియోజకవర్గం ఆయన కాదు, అమెరికాలోని మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్.) వీటన్నిటికీ పేరులో చివరి మాటే ఇంటిపేరన్నది మామూలు సంగతి. మనకేమో ఇంటిపేరు మొదట వస్తుంది. చివర వచ్చేది రావో, రెడ్డో, శాస్త్రో, అమ్మో. ఆ లెక్కన పట్టిక వేస్తే తెలుగు సాహిత్య చరిత్రలో సగం రావుల కింద పోగుపడుతుంది.

పోనీ ఇంటిపేరు ముందు పెట్టేస్తే సరిపోతుందా? అదీ కుదరదు. గురజాడని, విశ్వనాథని ఇంటిపేరుతో పిలుస్తాం. వీరేశలింగాన్నీ చలాన్నీ పేరుతో పిలుస్తాం. 'కందుకూరి' అంటే అర్థమవుతుంది గానీ, 'గుడిపాటి' అంటే చలమని ఎంతమందికి తడుతుంది? శ్రీశ్రీ, ఆరుద్ర, ఓల్గా కలం పేర్లు. రంగనాయకమ్మకి ఒక్క పేరే చాలు. వీళ్ళందరినీ ఒకే మూసలో పోసే సూత్రమేదీ లేదు. చికాగో మాన్యువల్ కూడా భారతీయుల పేర్ల దగ్గరికొచ్చేసరికి ఆ వ్యక్తి ఇష్టాన్నీ వాడుకనీ గమనించమంటుంది. కాబట్టి నేను పాటించేది ఒకటే: పాఠకులు ఏ పేరుతో వెతుకుతారో ఆ పేరు ముందు రావాలి, వ్యాసమంతటా అదే ఉండాలి. జొటేరో లాంటి సాఫ్ట్‌వేర్‌లో పేరుకి రెండు గడులుంటాయి. వాటిని ఒకే గడిగా మార్చుకునే వీలు అందులోనే ఉంది. శ్రీశ్రీని రెండు ముక్కలు చేయాల్సిన అవసరం లేదు.

పేర్ల కన్నా పెద్ద చిక్కు సంవత్సరాలతో. 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897లో వచ్చింది. గురజాడ దాన్ని బాగా తిరగరాసి, పెంచి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం చదివేదీ, ఆడేదీ, మాటలు అప్పజెప్పేదీ ఎక్కువగా రెండోదే. ఇప్పుడో వ్యాసకర్త తన దగ్గరున్న రీప్రింటు చూసి 'గురజాడ 2010' అని బ్రాకెట్లో వేస్తే అది ఏ కన్యాశుల్కం? మధురవాణి గురించి 1897 నాటి ఆలోచన అంటూ వాదన కట్టి, మాటలు మాత్రం 1909 కూర్పులోంచి తెస్తే ఆ వాదన నిలబడదు. ఏపీఏ పద్ధతిలో దీనికి దారి ఉంది. పాత సంవత్సరం, గీత, కొత్త సంవత్సరం: 1909/2010. ఆ ఒక్క గీత వెయ్యడానికి మనకి బద్ధకం.

శ్రీశ్రీ సంగతీ అంతే. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. ఆ పేరున్న గీతం 1934 నాటిది. 'శ్రీశ్రీ 1950' అని రాసి ఊరుకుంటే స్వాతంత్ర్యానికి ముందు పుట్టిన కవిత స్వతంత్ర భారతంలోకొచ్చి పడుతుంది. అభ్యుదయ సాహిత్యంలో ఎవరు ముందు, ఎవరు వెనక అని తగవులాడే మనకి ఈ పదహారేళ్ళు చిన్న విషయం కాదు.

కొత్త నియమాలతో పోయేవీ ఉన్నాయి. ఎమ్మెల్యే ఎనిమిదో కూర్పు (2016), ఏపీఏ ఏడో కూర్పు (2019) ప్రచురణ స్థలం చాలావరకు అక్కర్లేదన్నాయి. న్యూయార్కు పుస్తకానికి ఊరి పేరు అనవసరమేమో. తెలుగు పుస్తకం మీద 'చెన్నపురి' అనో 'రాజమహేంద్రవరం' అనో ఉంటే, తెలుగు అచ్చు ఎక్కడెక్కడ నడిచిందో ఆ ఒక్క మాటే చెబుతుంది. నియమం వద్దన్నా నేనైతే ఊరి పేరు ఉంచమని జర్నల్ ఎడిటర్‌ని అడుగుతాను.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. పరిశోధకురాలు ఊరికి వెళ్ళి ఒక బుర్రకథ కళాకారిణి దగ్గర కూచుని కథంతా వింటుంది. ఆ సంభాషణ రికార్డు అందరికీ అందుబాటులో లేకపోతే, ఏపీఏ లెక్కలో అది 'వ్యక్తిగత సంభాషణ'. వ్యాసం మధ్యలో ప్రస్తావిస్తారు గానీ చివరి పట్టికలో ఆమెకి చోటుండదు. ఆమె పాట మీద సిద్ధాంతం చేసిన ప్రొఫెసర్‌కి ఉంటుంది. ఎమ్మెల్యే పద్ధతిలోనైతే ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళ పేరు పట్టికలోకి వస్తుంది. ఏ పద్ధతి ఎంచుకున్నామన్నది ఎవరిని రచయితగా లెక్కవేస్తున్నామన్న ప్రశ్న కూడా.

ఇదంతా పడమటివాళ్ళ మీదకి తోసేసి మనం చేతులు దులుపుకోలేం. వాళ్ళ పద్ధతి మనకి కురచ చొక్కా అయితే, తెలుగు విమర్శ చాలాసార్లు అసలు చొక్కా లేకుండానే తిరుగుతోంది. 'ఒక పాశ్చాత్య విమర్శకుడన్నట్టు' అంటాం. ఎవరాయన? 'కుటుంబరావు ఒకచోట అన్నారు' అంటాం. ఏ చోట? కుటుంబరావు రాసింది సంపుటాల కొద్దీ ఉంది. ఆ 'ఒకచోట' వెతకడానికి చదివేవాళ్ళకి నెల పడుతుంది. దొరక్కపోతే రాసినవాళ్ళని నమ్మడం తప్ప దారి లేదు. కాదనడానికి వీల్లేని మాటని విమర్శ అనలేం.

ఫుట్‌నోట్లు మన సంప్రదాయం కాదనే మాట కూడా విన్నాను. కాళిదాసుకి వ్యాఖ్య రాసిన మల్లినాథుడు మూలం లేనిది ఏదీ రాయనని ముందే మాటిచ్చాడు. మన లక్షణకర్తలు సూత్రం చెప్పాక లక్ష్యం చూపించేవారు, ఆ పద్యం ఏ కావ్యంలోదో చెప్పేవారు. పెదపాటి జగ్గన 'ప్రబంధరత్నాకరం' అనే సంకలనంలో పద్యాలకి కవి పేరూ కావ్యం పేరూ రాసి పెట్టుకున్నాడు. తర్వాత ఆ కావ్యాల్లో ఎన్నో పోయాయి. ఆ కవులున్నారని మనకి తెలిసింది ఇలాంటి సంకలనాల వల్లే. వేటూరి ప్రభాకరశాస్త్రి 'ప్రబంధ రత్నావళి' పేరుతో అలాంటి పద్యాలు ఏరి అచ్చు వేయించారు. జగ్గన 'ఒక కవి అన్నట్టు' అని ఊరుకుని ఉంటే వేటూరి చేతికి ఊరూ పేరూ లేని పద్యాలే దక్కేవి.

వెబ్ పత్రిక వ్యాసానికి ఏపీఏ ఏడో కూర్పు పాటించమని ఎవరూ అడగడం లేదు. కామా ఎక్కడ, ఇటాలిక్ ఎక్కడ అన్నది జర్నల్ వాళ్ళ గొడవ. రాసేవాళ్ళని నేను అడిగేవి మూడే. ఏ కూర్పు చూశారో చెప్పండి. పేజీ నంబరు ఇవ్వండి. అనువాదం చదివి మాట్లాడుతుంటే అనువాదకుల పేరు రాయండి. వాక్యంలోనే ఇమిడిపోతాయి, చదువుకి అడ్డం రావు. మీ వ్యాసం నచ్చినవాళ్ళు ఆ పేజీ తెరిచి చూస్తారు. నచ్చనివాళ్ళు తప్పకుండా తెరిచి చూస్తారు. ఆ రెండో రకం పాఠకుల కోసమైనా రాసి పెట్టండి.