గాలానికి చిక్కిన బొచ్చెతో

చేపకు గాలం తగిలించడం వేరు, దాన్ని గట్టుకు చేర్చడం వేరు. అనకాపల్లి జిల్లాలో రైవాడ, కోనాం, కల్యాణపులోవ, తాండవ జలాశయాల గట్ల మీద గాలం వేసేవాళ్ల పనితనమంతా ఈ రెండో దాంట్లోనే ఉంది.  ఆ పనితనానికి పరీక్ష పెట్టేది బొచ్చె.

శారదా నది మీద కట్టిన రైవాడ విశాఖకు తాగునీరిస్తుంది. అక్కడ గాలం మింగిన పెద్ద బొచ్చె ఎగరదు, ఒళ్లంతా బరువు చేసుకుని లోతుకు దిగుతుంది. కొత్తవాడు కంగారుపడి లాగుతాడు. తంగూసు తెగుతుంది, లేదా మూతి చిరిగి గాలం ఊడొస్తుంది. చెయ్యి తిరిగినవాడు తంగూసును చేతికి చుట్టుకోడు, చుట్టుకుంటే వేలు కోసుకుపోతుంది. చూపుడువేలి మీదుగా జారనిస్తూ బొటనవేలితో నొక్కి పడతాడు. చేప పరిగెడితే వదులుతాడు, ఆగితే మూరా మూరా లాక్కుంటాడు. తాడు బిగువు మాత్రం ఒక్క క్షణం కూడా సడలనివ్వడు.

కొర్రమీనుతో లెక్క వేరు. అది తుంగలోకి దూరిపోతుంది, అందుకే మొదటి పట్టులోనే దాని తల ఇటు తిప్పాలి.

చేతికందే దూరంలోనే చాలా చేపలు పోతాయి. గట్టు కనపడగానే బొచ్చె మళ్లీ లోతుకు మళ్లుతుంది. అది అలిసి పక్కకు ఒరిగేదాకా ఆగగలిగే ఓర్పు నా దృష్టిలో గొప్ప విద్య.

గాలం వేసేవాళ్లకు ఒక్క మనవి. తెగిన తంగూసు ముక్కల్ని గట్టున వదిలేయకండి, కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి.