ఫారడే కొవ్వొత్తి

విజ్ఞానాన్ని ప్రజలకు చెప్పడమంటే పెద్ద పేర్లతో వారిని అబ్బురపరచడం కాదు. నానో సాంకేతికతను గూర్చి నేను చదివిన వ్యాసాలు పెక్కు ఆ పనే చేస్తున్నాయి. మీటరులో వందకోట్లవ వంతని చెప్పి చేతులు దులుపుకుంటాయి.

కమ్మరి కొడుకు, పుస్తకాల బైండింగు నేర్చి బతికిన ఫారడే మార్గం వేరు. 1860-61 క్రిస్మస్ ఉపన్యాసాల్లో ఒక్క కొవ్వొత్తి వెలిగించి, మైనం ఆవిరై మండటం నుంచి మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు దాకా పిల్లలను నడిపించాడు. కళ్లెదుట ప్రయోగమే రుజువు. పచ్చని బంగారం అతిసూక్ష్మ రేణువులైతే ద్రవానికి కెంపురంగు వస్తుందని 1857లో వివరించిందీ ఆయనే. పరిమాణం మారితే గుణం మారుతుంది. నానో శాస్త్రానికి ఆయువుపట్టు ఇదే.

అయితే ఆ సభ రుసుము కట్టగల కుటుంబాల పిల్లలకోసం. ఆ లోపాన్ని దిద్దవలసినవాళ్లం మనం. మనం రాసింది శ్రామికుడికి అర్థం కాకపోతే నేరం అతనిది కాదు, మనది.